పంకజం తలలో మచ్చ

సారం అనే తమిళ పేటలో పంకజం టీచరంటే లెక్కల ట్యూషన్ టీచరని అందరికీ తెలుసు. ఇంటి ముందు వసారాలో చాప పరిచి, పదో తరగతి పిల్లలకు పాఠమంతా తమిళంలోనే చెప్పేది. గుణకారం దగ్గరికొస్తే మాత్రం పెదవుల మీద తెలుగు ఎక్కాలే ఆడేవి. ఇంటి భాష తెలుగే అయినా, అందులో ఒక్క అక్షరం చదవడం రాదు. ఎక్కాలు వాళ్ల నాయన నోటితో నేర్పినవి.

రెండు వేల ఆరులో ఆమెకు ఎడమ రొమ్ములో గడ్డ తేలింది. రొమ్ము తీసేశారు. జుట్టు ఊడగొట్టే మందులెక్కించారు. తలకు కొంగు చుట్టుకుని మళ్లీ పాఠాలు చెప్పింది. ఆ తర్వాత రోజూ ఆసుపత్రికి పోయి కరెంటు పెట్టించుకోవాలన్నారు. రేడియేషన్‌ని అక్కడ అందరూ అట్లాగే అంటారు. మిల్లులో పనిచేసే భర్త శివరామన్ షిఫ్టు మార్చుకుని స్కూటరు మీద గోరిమేడు ఆసుపత్రికి తీసుకుపోయేవాడు.

సగం కరెంటు అయ్యేసరికి తలనొప్పి పట్టుకుంది. డాక్టరు ఎందుకైనా మంచిదని తల స్కాను తీయించాడు. నొప్పి కళ్లద్దాలు సరిపోక వచ్చిందే. కానీ స్కానులో ఎవరూ అనుకోనిదొకటి కనబడింది. మెదడులో ఎడమ పక్క శనగగింజంత మచ్చ.

"క్యాన్సరు అక్కడికి పాకి ఉండొచ్చు" అన్నాడు డాక్టరు. "ఎప్పుడో తిండితో లోపలికి పోయిన పురుగు గుడ్డు తలకు చేరి గట్టిపడినా ఇట్లాగే ఉంటుంది. ఏదని ఇప్పుడు చెప్పలేనమ్మా. మాటలు పలికించే చోటుకు ఆనుకుని ఉంది, కోసి చూడటం ప్రమాదం. రెండు నెలలాగి మళ్లీ తీద్దాం. కరెంటు మాత్రం ఆపొద్దు."

పంకజం చెవికి మొదటి మాట ఒక్కటే ఎక్కింది.

మర్నాడు శివరామన్ స్కూటరు బయటికి తీస్తే ఆమె చీర మార్చుకోకుండా మంచం మీదే కూర్చుంది.

"టైమయింది, లే పంకజం."

"యాడికి? తలకే పాకినాక ఎద కాల్చుకుని ఏం చేసేది?"

"పాకిందని ఆయన చెప్పలేదు గదా."

"పాకలేదనీ చెప్పలేదు."

ఆ రోజు పోలేదు. ఆ మర్నాడూ పోలేదు. పొద్దున లేవగానే గోడకేసి తిరిగి ఎక్కాలు వల్లించుకునేది, బుర్ర ఇంకా తనదేనా అని. ఒకసారి పదమూడో ఎక్కంలో తడబడింది. మళ్లీ మొదలుపెట్టి అక్కడే తడబడింది. సాయంత్రం పిల్లలొస్తే, "రేపటి నుంచి వేరే టీచరుని చూసుకోండి" అని పంపేసి చాప చుట్టి పెట్టేసింది.

పక్కింటి లోగనాయకి వచ్చి గడ్డం పట్టుకుని బతిమాలింది. "అక్కా, డాక్టరు ఆపొద్దన్నాడంట గదా." పంకజం కదల్లేదు. శివరామన్ ఒక్కడే పోయి డాక్టరుకు మొరపెట్టుకుంటే, ఎట్లాగైనా తీసుకురమ్మన్నాడు. ఇంటికొచ్చి చెయ్యి పట్టి లాగాడు. ఆమె అరవలేదు. అతని మొహంలోకి చూసి మెల్లగా అడిగింది.

"మీ పేరు గూడా మరిచిపోయినాక నన్ను యాడ పెట్టుకుంటారు?"

ఆ మాటతో అతను చెయ్యి వదిలేశాడు. ఇంకెప్పుడూ లాగలేదు.

రెండు నెలలు దాటాక, తెలిసిపోతేనన్నా మేలని స్కానుకు మాత్రం ఒప్పుకుంది. డాక్టరు రెండు ఫిల్ములూ వెలుతురుకు పెట్టి చాలాసేపు చూశాడు.

"పెరగలేదమ్మా. చుట్టూ సున్నంలా గట్టిపడింది. పాత పురుగు గుడ్డే. క్యాన్సరు కాదు."

శివరామన్ రెండు చేతులతో మొహం కప్పుకుని ఏడ్చేశాడు. పంకజానికి ఏడుపు రాలేదు. జాకెట్టు లోపల, కోత మానిన గీత పక్కన, కొద్దిరోజులుగా చేతికి తగులుతున్నది ఆమెకు తెలుసు. ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు చెప్పింది. డాక్టరు తడిమి చూశాడు. చర్మం కింద రెండు గట్టి గింజలు.

"కరెంటు పూర్తి చేసుంటే ఇది వచ్చేది కాదా సార్?"

"వచ్చేదో రాదో ఎవరూ చెప్పలేరమ్మా" అన్నాడాయన. ఆమె కళ్లలోకి చూడలేకపోయాడు.

మళ్లీ కరెంటు మొదలుపెట్టారు. కొత్త మందులిచ్చారు. ఈసారి పంకజం ఒక్కరోజూ మానలేదు, వాన కురిసినా తడుస్తూనే పోయింది. గింజలు లొంగలేదు. ఏడాది తిరిగేసరికి క్యాన్సరు కాలేయానికి చేరింది.

ఒక మధ్యాహ్నం, శివరామన్ గంజి తాగిస్తుంటే గిన్నె పక్కకు తోసింది.

"ఆ పొద్దు నన్ను ఎత్తుకునైనా పోయుండొచ్చు గదా" అంది.

నింద వేస్తున్నట్టు లేదు. నిజంగానే తెలుసుకోవాలని అడుగుతున్నట్టు ఉంది. అతను పైట మీద ఒలికిన గంజి తుడిచి, మళ్లీ చెంచా నింపాడు. ఆమె తాగలేదు.

తమిళుల ఆడి మాసం చివర్లో పంకజం పోయింది. శివరామన్ స్కూటరు అమ్మేశాడు. గోరిమేడు వైపు పని పడితే ఇప్పటికీ ఆ ఆసుపత్రి కనబడకుండా చుట్టుదారిలోనే పోతాడు.