బ్రేకులు మునిగిన నూనె

ఆ రోజు ఉదయం నా భార్యకి ఒక అబద్ధం చెప్పాను. "పుస్తకంలో రాసిన నంబర్ ఆయిలే పోశారా?" అని ఆమె అడిగింది. "అదే పోశాను" అన్నాను. నేను పోసింది అది కాదు. ఆమె తల ఊపి, ట్రాక్టర్ ఎక్కి, గడ్డి కోయడానికి బయల్దేరింది.

ఇది 2012 ఎండాకాలం సంగతి. మేము అమెరికాలో, అల్ఫారెట్టా అనే ఊళ్ళో ఉండేవాళ్ళం. ఆఫీసులో నా పక్కన కూర్చునే మిత్రుడూ నేనూ కలిసి, ఊరికి ఉత్తరాన గంట దూరంలో ఏడెకరాల నేల కొన్నాం. పైన కొంత చదును, అక్కడ బెండ, గోంగూర, టమాటా వేశాం. దాని కింద గడ్డి మొలిచిన వాలు. వాలు చివర ఒక కుంట. నేలతో పాటు ఒక పాత ట్రాక్టర్ కూడా మాకు వచ్చింది. దానికి ముందు మట్టి ఎత్తే బకెట్, వెనక గడ్డి కోసే బ్లేడ్లు. అమ్మినాయన దాని మాన్యువల్ ప్లాస్టిక్ సంచిలో పెట్టి మరీ ఇచ్చాడు. రెండు కుటుంబాల్లోనూ దాన్ని చివరిదాకా చదివింది నా భార్య ఒక్కతే. ఆమె ఉద్యోగం సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. ఏదైనా చదవకుండా ముట్టుకోదు.

నేను చదవలేదు. నాకెందుకు అనుకున్నాను. తెనాలి దగ్గర మా ఇంట్లో ట్రాక్టర్ ఉండేది. గేర్ బాక్స్‌లో నూనె మార్చేటప్పుడు మా నాన్న నన్నే గరాటు పట్టుకోమనేవాడు. వారమంతా కంప్యూటర్ల ముందు కూర్చునే మా మిత్రుల మధ్య నేను రైతుబిడ్డనన్న మాటని నేను ఎక్కువే వాడుకున్నాను. ఎవరు ఏ పనిముట్టు కొన్నా ముందు నన్ను అడిగేవాళ్ళు. అలా అడగడం నాకు బాగుండేది.

నూనె మార్చే రోజు వచ్చినప్పుడు దుకాణానికి వెళ్ళి రెండు పెద్ద నూనె బకెట్లు తెచ్చాను. అన్ని పాత ట్రాక్టర్లకూ పనికొస్తుందని వాటి మీద రాసి ఉంది. మాన్యువల్‌లో చెప్పిన నంబర్ మాత్రం లేదు. అసలు నూనెతో పోలిస్తే సగం ధర. గేర్లకి నూనె కావాలి, పనిముట్లు లేపే లిఫ్ట్‌కి నూనె కావాలి, ఏదైతే ఏమిటి అనుకున్నాను. మా ఊరి ట్రాక్టర్ బ్రేకులు పొడివి. అవి చక్రాల దగ్గర విడిగా ఉండేవి. గేర్ బాక్స్‌లో ఏం పోసినా బ్రేకులకి సంబంధం ఉండేది కాదు. ఈ ట్రాక్టర్‌లో గేర్లూ, హైడ్రాలిక్ లిఫ్టూ, బ్రేక్ ప్లేట్లూ అన్నీ ఒకే నూనెలో మునిగి ఉంటాయని నాకు తెలియదు.

కొత్త నూనె పోసిన తర్వాత బ్రేక్ తొక్కితే వెనక నుంచి ఒక మూలుగు మొదలైంది. సీటు కింద అదురు. కొత్త నూనె కదా, రెండు వారాల్లో సర్దుకుంటుందని అందరికీ చెప్పాను. ఆ మాట చెప్పిన నాకే నమ్మకం కుదరలేదు. గురువారం ఆఫీసులో లంచ్ మానేసి, ఆ మోడల్ గురించి ఇంటర్నెట్‌లో వెతికాను. అప్పుడు తెలిసింది. నూనెలో ఉండే బ్రేకులకి ఆ నూనే పట్టు ఇవ్వాలి. సరైన నూనె కాకపోతే ప్లేట్లు ముందు అరుస్తాయి, తర్వాత పాడవుతాయి, నూనె వేడెక్కాక జారిపోతాయి.  అయినా ఎవరికీ చెప్పలేదు. వచ్చే వారం ఒక్కణ్ణే వెళ్ళి గుట్టుగా మార్చేస్తే సరిపోతుంది అనుకున్నాను.

శనివారం ఆమె మోకాళ్ళ దాకా బూట్లు వేసుకుని సిద్ధమైంది.

"ఇవాళ వద్దులే, ఎండ మండిపోతోంది" అన్నాను.

"తొమ్మిది కూడా కాలేదు. ఎండ ఎక్కడుందండీ?"

"పోనీ నేను కోస్తాను."

"మీరు కోస్తే మధ్యమధ్యలో పిలకల్లా గడ్డి వదిలేస్తారు. నాకు లైన్‌లో ఉండాలి." ట్రాక్టర్ మెట్టు మీద కాలు పెట్టి ఆగింది. "ఆ సౌండ్ నాకు నచ్చట్లేదు. పుస్తకంలో రాసిన నంబర్ ఆయిలే పోశారా?"

అప్పుడు చెప్పాను, మొదట రాసిన ఆ మాట.

"సరే, మీరు చెప్పారు కాబట్టి ఎక్కుతున్నా. బగ్ ఉంటే మీ పేరు మీదే వేస్తా" అని నవ్వింది.

ఆమెని ఆపడానికి ఒక్క వాక్యం చాలు. ఆ వాక్యం నోట్లో పెట్టుకుని నేను బెండ మొక్కల దగ్గర నిలబడ్డాను. చేతిలో పార ఉంది కానీ ఒక్క దెబ్బ వెయ్యలేదు. చదునులో ఉన్నంతసేపు ఊపిరి ఆడింది. తర్వాత ట్రాక్టర్ వాలు మీదకి తిరిగింది. చిన్న గేర్‌లో ఉంటే ఇంజనే పట్టి ఉంచుతుంది, బ్రేక్‌తో పని పడదు అని నాకు నేను చెప్పుకున్నాను. ఆమె ఒక వరస కోసి పైకి వచ్చింది. రెండో వరస, మూడో వరస. ఆమె కిందకి దిగిన ప్రతిసారీ, పైకి వచ్చాక చెప్పేద్దాం అనుకునేవాణ్ణి. దగ్గరికి వచ్చాక చెయ్యి ఊపేవాణ్ణి.

అరగంట గడిచింది. నూనె ఈపాటికి వేడెక్కి ఉంటుందని లెక్క వేస్తున్నాను.

వాలు సగంలో విరిగిపడిన కొమ్మ ఒకటి ఆమెకి అడ్డం వచ్చింది. దిగి దాన్ని తీసెయ్యడానికి క్లచ్ తొక్కింది, బ్రేక్ తొక్కింది. క్లచ్ తొక్కగానే ఇంజన్ పట్టు పోయింది. మూలుగు వినిపించింది, కానీ చక్రాలు ఆగలేదు. ట్రాక్టర్ కొమ్మని తొక్కుకుంటూ కిందకి జారడం మొదలుపెట్టింది. మొదట నడక వేగం. తర్వాత నేను పరిగెత్తితే అందనంత వేగం.

"దూకెయ్!" అని అరిచాను. "దూకెయ్, దూకెయ్!"

అనకూడని మాట అది. వెనక బ్లేడ్లు తిరుగుతూనే ఉన్నాయి. పక్కన నా ఎత్తు చక్రం. దూకి ఉంటే ఆమె ఏమయ్యేదో నేను రాయలేను. నేను చెప్పిన నూనె మాట నమ్మింది కానీ, అదృష్టం, ఈ మాట వినలేదు. సీటుని ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో బకెట్ దించే లీవర్ ముందుకి తోసింది. ముందున్న బకెట్ ధన్‌మని నేల మీద పడింది. దాని అంచు ఎర్రమట్టిలో దిగి, గడ్డిని చాపలా చుట్టుకుంటూ కొంత దూరం పోయి, ఆగింది. వెనక చక్రాలు ఒక్కసారి పైకి లేచి కింద పడ్డాయి. కుంట నీళ్ళకీ బకెట్‌కీ మధ్య ఒక మంచం పట్టేంత జాగా ఉంది.

నేను చేరేసరికి ఇంజన్ ఆపేసింది. దిగలేకపోతోంది.  ఎత్తుకుని దింపాను. దాదాపు ఇద్దరం కింద పడ్డాం.

"ఫుల్‌గా తొక్కానండీ" అంది. "రెండు బ్రేక్ పెడళ్ళూ కలిపే తొక్కాను. నా తప్పేమైనా ఉందా?"

అప్పుడైనా చెప్పలేదు. "కంగారుపడి ఉంటావులే" అన్నాను. తప్పుడు నూనె పోయడం తెలియనితనం. ఇది మాత్రం తెలిసి చేసింది.

అరుపులు విని పైన గేట్ దగ్గర కారు దిగిన, నాతో కలిసి నేల కొన్న మిత్రుడు పరిగెత్తుకుని వచ్చాడు. ఆయనది కరీంనగర్. ఎవరికీ దెబ్బలు తగల్లేదని ముందు చూసుకున్నాడు.

"ఏంది వదినా, చేపలు పట్టనీకి పోతున్నవా?" అన్నాడు. "బ్రేక్ ఎటు దిక్కుంటదో మర్శినవా ఏంది?"

"తొక్కాను అన్నయ్యా. ఆగలేదు."

"లేడీస్ డ్రైవింగ్ గింతే" అని నా వైపు చూసి కన్ను కొట్టాడు. నేను నవ్వాను. ఆమె నన్ను చూసింది.  గడ్డిలో కూర్చుని బూటు లేసులు విప్పి, మళ్ళీ కట్టుకోవడం మొదలుపెట్టింది. మొదటిసారి ముడి పడలేదు.

"జరుగుండ్రి, నేను పైకి తోల్క పోత" అంటూ మిత్రుడు ట్రాక్టర్ ఎక్కి కూర్చున్నాడు. తాళం తిప్పాడు. ఇంజన్ అందుకుంది. బకెట్ లేపితే ట్రాక్టర్‌ని పట్టి ఉంచేది ఏదీ లేదు. ముందు నీళ్ళు. ఆయన చెయ్యి లీవర్ మీద పడింది.

"దిగు!" అన్నాను.  "దిగన్నా, బ్రేకులు లేవు. తప్పు ఆయిల్ పోశాను. నాకు గురువారమే తెలుసు."

ఆయన ఇంజన్ ఆపేశాడు. 

"గురువారమా?" అంది నా భార్య. "ఇవాళ పొద్దున నేను అడిగాను కదండీ."

"అడిగావు."

"తెలిసే ఎక్కనిచ్చారా?"

"ఎక్కనిచ్చాను."

  మిత్రుడు దిగి, నా ముందు నిలబడి, "నా బిడ్డ రేపు నా ఒళ్లె కూసోని తోలుతా అన్నది, ఎర్కేనా నీకు?" అని మాత్రం అన్నాడు. ఆ తర్వాత ఆయన ముఖం మారింది. "అన్నా, మరి నువ్ పెద్దాయనకు సుత గదే ఆయిల్ జెప్పినవ్ గదా?"

నేను దాన్ని పూర్తిగా మర్చిపోయాను. పెద్దాయన అంటే మా అందరికన్నా పదిహేనేళ్ళు పెద్ద, రిటైరై ఇంకా ఉత్తరాన కొండల వైపు స్థిరపడినాయన. మా దానిలాంటి ట్రాక్టరే ఆయనకీ ఉంది. ఆ ఇంటి దారి మా వాలుకన్నా నిటారు. పదిరోజుల క్రితం ఫోన్‌లో ఈ నూనె బకెట్లే కొనుక్కోమని నేనే చెప్పాను.

ఫోన్ చేశాను. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేశాను. మళ్ళీ అంతే.

నా భార్య లేచి గడ్డి దులుపుకుంది. "ఇవాళ నేను మీతో మాట్లాడను. ఫోన్ ఇటివ్వండి, నేను చేస్తూ ఉంటాను. మీరు డ్రైవ్ చేయండి" అంది. మిత్రుడు ట్రాక్టర్ దగ్గర కాపలాగా ఉండి, చక్రాల కింద దుంగలు పెడతానన్నాడు.

పెద్దాయన ఇంటికి నలభై నిమిషాల దారి. ఆమె పక్కన కూర్చుని ఫోన్ చేస్తూనే ఉంది. ఒక్కో రింగ్‌కీ నాకు ఆ నిటారు దారే కళ్ళ ముందు కనిపించింది. ఆంబులెన్స్ ఒకటి ఎదురొచ్చింది. ఆమె మళ్ళీ నంబర్ నొక్కింది.

పెద్దాయన షెడ్ ముందు స్టూల్ మీద కూర్చుని బ్లేడ్ సానపెట్టుకుంటున్నాడు. ట్రాక్టర్ షెడ్‌లోనే ఉంది. నేను కారు డోర్ మూయడం కూడా మర్చిపోయి ఆయన దగ్గరికి వెళ్ళాను.

"ఏవయ్యా, చెప్పాపెట్టకుండా వచ్చారు? ఫోన్ లోపల ఛార్జింగ్‌లో ఉంది" అన్నాడు. నేను నూనె సంగతి చెప్పాను. ఆయన బ్లేడ్ పక్కన పెట్టాడు. "అరుస్తోందయ్యా, నాలుగు రోజుల నుంచీ. నువ్వు చెప్పావు కదా అని ఊరుకున్నాను. భోజనం చేసి వాలు కోద్దామని ఇప్పుడే దీన్ని సానపెడుతున్నా."

తాళం అడిగి తీసుకుని జేబులో వేసుకున్నాను. షెడ్‌లో ఉన్న టబ్బు తెచ్చి, ట్రాక్టర్ కింద వెల్లకిలా పడుకుని, డ్రెయిన్ బోల్టు విప్పాను. నూనె మొత్తం కారేదాకా అక్కడే ఉన్నాను. పెద్దాయన భార్య పెట్టిన అన్నం నా భార్య తింది, నేను తినలేకపోయాను.

సోమవారం సెలవు పెట్టాను. డీలర్ కౌంటర్‌లో మాన్యువల్ తెరిచి, ఆ పేజీలోని నంబర్ మీద వేలు పెట్టి, అదే నూనె రెండు ట్రాక్టర్లకీ సరిపడా కొన్నాను. పెద్దాయన ట్రాక్టర్‌కి పాత నూనె పోయేదాకా రెండుసార్లు కడిగి కొత్తది పోశాం. ఆయన బ్రేకులు బాగానే ఉన్నాయని మెకానిక్ చెప్పాడు. మా దానివి కాలిపోయాయి. కొత్త ప్లేట్లు వేయించాను. నా భార్య తప్పేమీ లేదని, తప్పు నాదని, గురువారమే నాకు తెలుసని, మిత్రుడి ఇంట్లో పదిమంది భోజనాల దగ్గర నిలబడి చెప్పాను. సగం మంది ప్లేట్లలోకి చూశారు. ఒకతను నవ్వించబోయి మానేశాడు.

ఆ ఎండాకాలమంతా ఆమె ట్రాక్టర్ ఎక్కలేదు. నేను అడగలేదు. ఆ వాలు గడ్డి నేనే కోశాను. ప్రతి శనివారం మొదలుపెట్టే ముందు చదునులో పది అడుగులు నడిపి, బ్రేక్ తొక్కి, ఆగిందో లేదో ఆమెని చూడమనేవాణ్ణి. ఆమె బెండ మొక్కల దగ్గర నిలబడి చూసి, చెయ్యెత్తితేనే వాలు మీదకి ట్రాక్టర్ తిప్పేవాణ్ణి.