గుమ్మటం తిరిగిన చప్పుడు

మా సైన్సు మేడం పోయారని ఆమె చెల్లెలు ఫోన్ చేసినప్పుడు నేను గోదావరిఖనిలో ఒక పెళ్ళిపందిట్లో స్పీకర్లు బిగిస్తున్నాను. "పొద్దున టీ తాగుతూ తాగుతూ ఒరిగిపోయింది బాబూ" అన్నారావిడ. పని మిగతావాళ్ళకు అప్పగించి బండి తీశాను. జ్యోతినగర్‌లో ఆమె ఇల్లు చేరేదాకా మనసు ఒకచోట నిలవలేదు. ఆమెతో తేల్చుకోవాల్సిన మాటలు ఇంకా ఉన్నాయి.

బడిలో మాకు భౌతికశాస్త్రం చెప్పారు. ఇంట్లో దక్కనీ ఉర్దూ మాట్లాడే నా తెలుగును దిద్దింది కూడా ఆమే. కోస్తా నుంచి వచ్చిన మనిషి. పెళ్ళికి ముందు హైదరాబాద్‌లో ఒక పాత వేధశాలలో పనిచేశారు. టెలిస్కోప్ తీసిన గాజుపలకల మీద నక్షత్రాల మధ్య ఎడం కొలవడం ఆమె ఉద్యోగం. పాఠం చెప్తూ కిటికీకీ బోర్డుకీ మధ్య తిరుగుతూనే ఉండేవారు.

రిటైరయ్యాక ఒకరోజు నా దుకాణానికి వచ్చారు. కుర్చీ వేసినా కూర్చోలేదు.

"ఆ వేధశాల గదులు ఖాళీ చేస్తున్నారట. పాత పరికరాల ఫొటోలు అందరి దగ్గరా ఉన్నాయి. వాటి చప్పుళ్ళు ఎవరి దగ్గరా లేవు. రికార్డు చేసి జనానికి వినిపిద్దాం."

"పెళ్ళిళ్ళకు సౌండ్ పెట్టెటోణ్ని మేడం. గా పని నాతోని ఐతదా?"

"నాకూ రాదురా. పద."

వెళ్ళాం. టెలిస్కోప్ మీది గుమ్మటం తుప్పుపట్టి బిగుసుకుపోయింది. అక్కడి కాపలాదారు, నేను, ఆమె కలిసి గొలుసు లాగితే గుమ్మటం మూలుగుతూ కదిలింది. నెత్తిన తుప్పు రాలుతుంటే మేడం పకపకా నవ్వారు. నక్షత్రం వెంట టెలిస్కోప్‌ను నడిపిన పళ్ళచక్రాలు, వాటి తర్వాత వచ్చిన మోటారు, ఆ తర్వాతి కంప్యూటర్ ఫ్యాను, అన్నీ రికార్డుకెక్కించాం. తాను ఒకప్పుడు పలకలు కొలిచిన యంత్రం ముందు మాత్రం ఆమే కూర్చుని మర తిప్పారు. పరిశీలనలకు వేళ చూపిన పెద్ద లోలకం గడియారం నడవలేదు. లోపలి భాగమేదో పోయింది.

అక్కడే మాకు తగాదా వచ్చింది. చప్పుళ్ళ కూర్పులో దాని చోట నేను వేరే టిక్కుటిక్కు పెట్టాను. వినగానే పట్టేశారు.

"ఇదెక్కడిది?"

"మా ఇంట్ల గడియారం మేడం. ఎవ్వరికీ తెల్వది."

"నాకు తెలుసుగా! తీసెయ్. పోయినదాన్ని పోయిందనే వినిపిద్దాం."

నిశ్శబ్దం వినడానికి ఎవరొస్తారని నా ఫికరు. కొన్నాళ్ళు మాట్లాడుకోలేదు కూడా. చివరికి ఆమె మాటే నెగ్గింది.

గనికార్మికుల కాలనీ హాల్లో ఒక మధ్యాహ్నం వినిపించాం. గుమ్మటం నాలుగు మూలల నుంచీ మూలిగింది. పిల్లలు నవ్వారు. గనిలో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన లేచి నిలబడ్డాడు. "అరె, గిది మమ్ముల బొగ్గుబాయిలకు దించిన చక్రం లెక్కనే మోగుతున్నది గద!"

"ఊకో కాకా" అన్నారెవరో.

"చెప్పనివ్వండి" అని వెనకనుంచి మేడం కేక వేశారు.

గడియారం వంతు వచ్చింది. ఏమీ లేదు. కుర్చీలు కిర్రుమన్నాయి, ఎవరో దగ్గారు. నా చెయ్యి మీట మీదకు పోయింది. మేడం నా మణికట్టు గట్టిగా పట్టుకున్నారు. అప్పుడే దగ్గర్లోని ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగ్ జరిగింది. కిటికీ అద్దాలు గలగలలాడాయి.

"అదీ ఉండనీ" అన్నారు నెమ్మదిగా.

అయిపోయాక పెద్దాయన దగ్గరికొచ్చాడు. "ఆ గడియారం మల్ల నడుస్తదా అమ్మా?"

"తెలీదండీ. అడుగుతూనే ఉన్నా."

నిజంగానే తను పోయేదాకా వేధశాలవాళ్ళను అడుగుతూ ఉన్నారు. వాళ్ళు పరికరాలు తుక్కుకు పోకుండా ఒక గదిలో సర్దారు. నాకదే చాలనిపించింది, ఆమెకు చాల్లేదు. గడియారం ఇంకా నడవలేదు. ఇప్పుడు అడగాల్సింది నేను. ఆ హక్కు నాకుందో లేదో కూడా ఆమెనడిగి తెలుసుకోలేదు. పందిట్లో మైకులు తెరిచేముందు మాత్రం ఆ చోటును ఒక్క క్షణం ఊరికే వింటున్నాను. ఆమె ఇచ్చిన అలవాటే.

చప్పుళ్ళు వినిపించిన ఆ రోజు హాలు బయట ఆమెను ఆటో ఎక్కించాను. కదలబోతుంటే డ్రైవరు భుజం తట్టి, "బాబూ, ఒక్కసారి ఇంజను ఆపు" అన్నారు. ఆపాడు. మేడం ఆటోలోంచి సగం బయటకు వంగి, చెంగు చెవి వెనక్కి తోసుకుని, గనుల వైపు తల తిప్పారు. ఆమె ఏం విన్నారో నేను అడగలేదు.