ఎడమక్క కొనుక్కున్న గిటార్

ప్రెస్సులో ఆమెను అసలు పేరుతో పిలిచేవాళ్ళు లేరు. ఎడమక్క అంటేనే పలుకుతుంది. చిన్నప్పుడు వాళ్ళమ్మ స్కేలు పట్టుకుని పక్కన కూర్చుని మరీ కుడిచేత్తో రాయించింది. రాత కోడి కెలికినట్టు తయారైంది గాని చెయ్యి మారలేదు. తలుపు తీయాలన్నా, కత్తెర పట్టాలన్నా, చెల్లెలికి జడ వేయాలన్నా ఎడమ చెయ్యే ముందుకొచ్చేది. ఏళ్ళ తరబడి ఆ చేత్తోనే కాగితాలు కోసే మిషన్ నడుపుకొస్తోంది.

ఆ మిషన్ సంగతి కాస్త చెప్పాలి. మంచమంత ఇనుప బల్ల, దాని మీద జానెడు ఎత్తున కాగితాల దొంతర, పైన ఈ చివర నుంచి ఆ చివర దాకా బ్లేడు. బల్ల ముందంచుకు ఆ పక్కొకటి ఈ పక్కొకటి ఆకుపచ్చ బటన్లు. రెండు చేతులతో రెండూ ఒకేసారి నొక్కితేనే బ్లేడు దిగుతుంది. రెండు చేతులూ బటన్ల మీద ఉన్నప్పుడు లోపల ఏ చెయ్యీ ఉండదు కదా, మిషన్ చేసినవాడి తెలివి అది. నడిపేవాళ్ళ తెలివి వేరు. ఎడమ బటన్‌ను లోపలికి నొక్కి, పక్క సందులో ఒక చెక్కముక్క దోపితే అది మళ్ళీ పైకి రాదు. ఇక కుడిచేత్తో రెండో బటన్ నొక్కుతూ, ఎడమచేత్తో కాగితాలు సర్దుకుంటూ పోవచ్చు. పని రెట్టింపు తెములుతుంది.

ఆ చెక్కముక్క ఎడమక్క చేసింది కాదు. ఆమె పనిలో చేరిన రోజుకే మిషన్‌కు ఉంది. బొటనవేలంత ముక్క, ఒక కొస సన్నగా చెక్కి ఉంటుంది, వీపున నీలం సిరాతో అడ్డగీత. ఇంతకుముందు నడిపినాయన ఏమయ్యాడని ఆ రోజే అడిగింది.

"ఊరెళ్ళిపోయాడమ్మా" అన్నాడు ఓనరు. ఆయన ఎప్పుడూ మెల్లగానే మాట్లాడతాడు. గొంతు పెంచగా విన్నవాళ్ళు లేరు.

ప్రెస్సులో ఒక కట్టుబాటు ఉంది. బ్లేడు దగ్గరున్న మనిషిని వెనక నుంచి పిలవకూడదు. కొంప అంటుకున్నా సరే, చుట్టూ తిరిగి ఎదురుగా వచ్చి, బ్లేడు పైకి లేచి చేతులు ఖాళీ అయ్యాకే నోరు విప్పాలి. ఉలిక్కిపడితే చెయ్యి ఎటు పోతుందో ఎవరికి తెలుసు. తిట్టడానికి వచ్చినా ఓనరు ఎదురుగానే వచ్చి తిట్టేవాడు, అదీ మెల్లగానే.

వెనక గోడకు అవతల గోడౌన్‌లో సాయంత్రాలు కొందరు కుర్రాళ్ళు పాటలు వాయించుకుంటారు. గోడలకు చెవులుంటాయంటారు గాని, ఈ గోడకు సగం చెవుడు. పాట ఇవతలికి రాదు, పాడేవాడి గొంతు రాదు. బేస్ గిటార్ ఒక్కటే వస్తుంది. అది కూడా చెవికి కాదు, చెప్పుల్లోంచి పాదాలకు. మొదట్లో ఎడమక్క పట్టించుకోలేదు. తర్వాత్తర్వాత ఆ దరువుకే బటన్ నొక్కడం అలవాటైంది. వాళ్ళు వాయించని సాయంత్రం ఏదో పోగొట్టుకున్నట్టు తోచేది. తన జీవితంలో తనకోసమంటూ ఆమె కోరుకున్నవి తక్కువ. అలాంటి గిటార్ మాత్రం కావాలనిపించింది, గట్టిగానే అనిపించింది.

"కొత్త బిచ్చగాడు పొద్దెరగడంట. ఇప్పుడు గిటారేంటే అక్కా" అని నవ్వింది చెల్లెలు.

ఏడాది కిందట చెల్లెల్ని కూడా ఎడమక్కే పనిలో పెట్టించింది. పొద్దున చెల్లెలు, మధ్యాహ్నం నుంచి అక్క, ఒకే మిషన్ మీద. పని నేర్పినప్పుడు చెక్కముక్క సంగతీ నేర్పింది. చెల్లెలిది కుడిచేతి వాటం. పొద్దున వచ్చి ముక్కను కుడి బటన్‌కు మార్చుకునేది, అక్క వచ్చి మళ్ళీ ఎడమకు మార్చుకునేది, ఇంట్లో ఒకే దువ్వెన వాడుకున్నట్టు. ఆ పిల్లకు ఒకటే దిగులు, అక్కంత జోరు రావడం లేదని. "మీ అక్కలా ఎప్పుడు చేస్తావమ్మా" అని ఓనరు అడిగిన రోజు ఆమెకు అన్నం సయించేది కాదు.

ఒక పొద్దున, షిఫ్టుకు ముందే, ఎడమక్క సంగీతం షాపుకు వెళ్ళింది. గోడ నిండా గిటార్లు వేలాడుతున్నాయి. షాపాయన మంచివాడే గాని మాటకారి. ఎర్ర బేస్ ఒకటి తీసి ఒళ్ళో పెట్టాడు. బరువుగా ఉంది. ఎడమచెయ్యి గిటార్ మెడ మీద మెట్లు నొక్కాలి, కుడిచెయ్యి తీగ మీటాలి. మీటింది. కుడిచెయ్యి ఊరికే బిత్తరపోయింది.

"నేను ఎడమచేతి వాటమండీ."

"అయితే ఏమైందమ్మా? నొక్కే పని కష్టం, మీటడం తేలిక. మీకు మంచి చెయ్యి కష్టమైన పనికి దొరికింది. అదృష్టం అనుకోండి."

"దరువు నాకు ఈ చేతిలో ఉందండీ. నొక్కడానికి ఏ చెయ్యైనా ఫరవాలేదు."

ఆయన ఎర్రది దింపి నల్లది పెట్టాడు. అదీ కుడిచేతిదే.

"ఎడమ చెయ్యి తీసి పుర్ర చెయ్యి పెట్టినట్టుందండీ మీ యవ్వారం" అంది ఎడమక్క. ఆయన పకపకా నవ్వాడు. పోనీ తిరగేసి పట్టుకుందామంటే తీగల వరస తలకిందులవుతుంది, లావు తీగ కిందికి పోతుంది. మొదలుపెట్టేవాళ్ళకు అదో కొత్త తిప్పలు.

నవ్వు ఆగాక ఆయన కాసేపు గడ్డం గోక్కున్నాడు. "ఎడమచేతిది ఒకటుంది. చాన్నాళ్ళుగా లోపలే పడుంది. చూపించనా వద్దా అని..." అంటూనే వెనక గదిలోకి వెళ్ళి దుమ్ముకొట్టుకున్న నల్ల సంచి తెచ్చాడు.

ఆ గిటార్ ఒళ్ళోకి రాగానే ఎడమక్కకు వెతుక్కోవాల్సిన పని లేకపోయింది. ఎడమచెయ్యి దానంతటదే తీగల మీదికి వెళ్ళింది. తీగలు వదులుగా ఉన్నా, మీటితే ఆ మోత పొట్టలో తగిలింది. అదే దరువు, గోడ అవతలిది. ఈసారి తన చేతి కిందే పుట్టింది. ఆమెకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. షాపాయన చూడకుండా మొహం సంచి వైపు తిప్పుకుని, తీగలు బిగించే తాళంచెవి లాంటిదేమైనా ఉందేమోనని దాని జేబులో చెయ్యి పెట్టింది. వేళ్ళకు ఒక చెక్కముక్క తగిలింది.

బొటనవేలంత. ఒక కొస సన్నగా చెక్కి ఉంది. వీపున నీలం సిరాతో అడ్డగీత.

"ఇది ఎవరిదండీ?" అంది. తన గొంతు తనకే మెల్లగా వినిపించింది.

"ఎవరో ప్రెస్సులో పనిచేసినాయనమ్మా. మంచి చెయ్యి. సాయంత్రాలు ఇక్కడికొచ్చి వాయించేవాడు. ఆఖరిసారి వచ్చినప్పుడు గిటార్ వాళ్ళావిడ మోసుకొచ్చింది. ఎడమచేతివాటం వాళ్ళకే ఇవ్వండి, ఇంకెవరికీ వద్దు అన్నాడు. అలాంటివాళ్ళెవరూ ఇన్నాళ్ళూ రాలేదు, మీరే రావడం."

"ఆయన ఊరెళ్ళిపోయాడా?"

"ఊరేంటమ్మా, ఈ ఊళ్ళోనేగా పుట్టిందీ పెరిగిందీ. మొన్నామధ్య కూడా బస్సులో కనబడ్డాడు. కుడిచేత్తో కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు. ఆ రెండోది జేబులోంచి తీయడు." షాపాయన మాట మార్చాడు. "పట్టింపు ఉంటే వద్దులెండి. కొత్తది తెప్పిస్తాను."

ఎడమక్కకు వద్దనాలో, తీసుకోవాలో తేలలేదు. ఎదుటి అద్దంలో తన ఎడమచెయ్యి తీగల మీద అలాగే ఉంది. అయిదు వేళ్ళూ ఉన్నాయి. ఎన్నివేల సార్లు ఆ చేతిని బ్లేడు కిందికి పంపి వెనక్కి తీసుకుందో, ఒక్కసారీ అదేమిటని అడగలేదు.

"ఇదే ఇవ్వండి" అంది.

గిటార్ భుజాన వేసుకుని అక్కణ్ణుంచి సరాసరి ప్రెస్సుకు నడిచింది. చుట్టూ తిరిగి ఎదురుగా నిలబడి, బ్లేడు పైకి లేచాక చెల్లెలితో చెప్పింది, "ఆపవే." కుడి బటన్ పక్కనున్న ముక్క పీకి, గిటార్ సంచి జేబులోంచి రెండోది తీసి, రెండూ పక్కపక్కన బల్ల మీద పెట్టింది. కవల పిల్లల్లా ఉన్నాయి. షాపులో విన్నదంతా చెప్పింది. చెల్లెలి మొహం పాలిపోయింది.

అద్దాల గదిలోంచి ఓనరు వచ్చాడు. ఆయన కూడా ఎదురుగానే వచ్చాడు.

"సార్, ముందు నడిపినాయన వెళ్ళిన ఊరు ఏ ఊరండీ?"

ఆయన ముక్కల వంక చూశాడు, గిటార్ వంక చూశాడు.  "నీ ఇష్టం అమ్మా. రెండు చేతులతోనే నొక్కుకో, నేనేమన్నా వద్దన్నానా? ఆ ముక్క నేను పెట్టానా? పని మాత్రం వేళకు తెమలాలి" అన్నాడు. తర్వాత చెల్లెలి వైపు తిరిగి, ఇంకా మెల్లగా, "నువ్వసలే నిదానం కదమ్మా" అని వెళ్ళిపోయాడు.

ఆ మధ్యాహ్నం ఎడమక్క రెండు చేతులతో నొక్కింది. బ్లేడు దిగాక కాస్త ఎడం, మళ్ళీ దిగాక మళ్ళీ ఎడం. మిషన్ దరువే మారిపోయింది, ఆయాసపడుతున్న మనిషి మెట్లెక్కినట్టు. కోయని దొంతరలు గోడవారన పేరుకున్నాయి. సాయంత్రం గోడ అవతల వాయించారు గాని, ఆ జోరు ఆమె అందుకోలేదు. ఇంటికి పోయి గిటార్ మీద ఆ మెల్లని దరువే నేర్చుకుంది. ఒక మోత, ఆగడం, ఒక మోత. వినడానికి అందంగా లేదు. చెల్లెలు గుమ్మం దగ్గర నిలబడి కాసేపు విని, తల తిప్పుకుని పోయి పడుకుంది. ఆ తీరు ఎడమక్కకు నచ్చలేదు.

మర్నాడు పొద్దున ఇంట్లో కాలు నిలవలేదు. షిఫ్టు మధ్యాహ్నమైనా బయల్దేరింది. ప్రెస్సు వీధి మలుపు తిరగగానే మిషన్ మోత వినిపించింది. నాలుగడుగులు వేసి ఆగిపోయింది. మోతకూ మోతకూ మధ్య ఎడం లేదు. దరువు జోరుగా, మునుపటికంటే జోరుగా ఉంది. రెండు చేతులతో ఆ జోరు రాదని ప్రపంచంలో ఆమెకంటే బాగా తెలిసినవాళ్ళు లేరు.

ముక్కలు రెండూ తన సంచిలోనే ఉన్నాయి. తడిమి చూసుకుంది. ఉన్నాయి.

లోపలికి వెళ్ళేసరికి చెల్లెలి వీపు కనిపించింది. కోసేసిన కాగితపు కట్టలు దొంతర్లుగా పేరుకుపోయి, ఎదురుగా వెళ్ళడానికి దారి మూసుకుపోయింది. కుడి బటన్ పక్కన కొత్త చెక్కముక్క తెల్లగా మెరుస్తోంది. చెల్లెలి కుడిచెయ్యి లోపలికి పోతోంది, వస్తోంది. పోతోంది, వస్తోంది. పిలవకూడదు. గొంతు దాకా వచ్చిన పిలుపును ఎడమక్క పళ్ళ మధ్య బిగబట్టింది. మెయిన్ స్విచ్ తలుపు పక్కనే, ఎడమవైపు ఉంది. చెయ్యి దాని మీద వేసింది. ఎప్పుడు పడితే అప్పుడు ఆపినా ఆ పిల్ల ఉలిక్కిపడుతుంది. మోత, చెయ్యి లోపలికి, బయటికి. మోత, మళ్ళీ లోపలికి, బయటికి. ఎడమక్క పెదాలు కదుపుతూ ఆ దరువులో పడింది. బ్లేడు లేచి, చెల్లెలి చెయ్యి ఒడ్డున ఉన్న క్షణాన స్విచ్ కిందికి లాగింది.

మిషన్ మూలిగి ఆగింది. చెల్లెలు వెనక్కి తిరిగింది. చెమట పట్టిన మొహంలో ఎక్కడో కాస్త గర్వం కూడా ఉంది.

"నేనే చేశానే అక్కా, రాత్రి. నీ సంచిలో ముక్క కొలత చూసి చేశాను. నిన్నటిదంతా తెమిలిపోవచ్చింది. సార్ ఇందాకే చూసి, అచ్చం మీ అక్కే అన్నారు."

ఎడమక్క దగ్గరికి వెళ్ళి తన ఎడమచేత్తో చెల్లెలి కుడిచెయ్యి పట్టుకుంది. ఒక్కో వేలూ తడిమింది.

"వదలక్కా, పనుంది. నువ్వు నేర్పిందేగా."

అద్దాల గది తలుపు తెరుచుకుంది. "ఏమ్మా, ఆగిందేం?" అన్నాడు ఓనరు మెల్లగా.

ఎడమక్క ఆ చెయ్యి వదల్లేదు.