బట్టీ చల్లారిన రాత్రి

నా బట్టీ మీద ఒట్టేసి చెబుతున్నాను. ఇందులో ఒక్క ముక్క కూడా కల్పించలేదు. పింగాణీతో, గాజుతో బొమ్మలు చేసుకుని బతుకుతున్నదాన్ని. బట్టీ మీద అబద్ధపు ఒట్టు వేస్తే నా మరుసటి బొమ్మ పెళ్లున పగులుతుంది. నవ్వకండి... ముందు వినండి.

మాది హిందూపురం. నా షెడ్డు మాత్రం పెనుకొండలో, కోట కొండకు దిగువన ఉంది. ఆ రాత్రి బట్టీలో చల్లారుతున్నది మా అత్త కోసం చేసిన బొమ్మ. కళ్లు మూసుకుని, చేతులు ఒడిలో పెట్టుకుని కూర్చున్న మనిషి. దేవుడూ కాదు, గురువూ కాదు. ఊరికే, నిమ్మళంగా కూర్చున్న మనిషి. గుండె దగ్గర చిన్న గుంట ఉంచి, అందులో గాజు కరిగించాను. "ముక్కు మాత్రం మీ మామది మాదిరే పెట్టు" అని అత్త ఆర్డరు. పెట్టాను.

మామ ధర్మవరంలో పట్టుచీరలు నేసేవారు. సన్నటి పోగులు చూసీ చూసీ చూపు మందగించి, మూడు నాలుగేళ్లకోసారి కళ్లద్దాలు మార్చేవారు. పాతవి పారేయనిచ్చేవారు కాదు. ఆయన పోయాక అత్త ఒక బిస్కెట్ల డబ్బా తెచ్చి నా చేతిలో పెట్టింది. నిండా దళసరి గాజు అద్దాలు.

"వీటిని ఏమన్నా చేయి పాపా. పెట్టుకోనూ లేను, పారేయనూ లేను" అంది.

మామ పోయినప్పటి నుంచి ఆమె ఒకచోట పది నిమిషాలు కూర్చోవడం లేదు. తుడిచిందే తుడుస్తుంది, మడిచిందే మడుస్తుంది. ఆ అద్దాలతో చేసిన బొమ్మ ఎదురుగా ఉంటే కూర్చుంటుందేమోనని నా ఆశ.

మొదటి బొమ్మ మెడ దగ్గర పగిలింది. రెండోది నా తొందర వల్ల పోయింది. పూర్తిగా చల్లారకముందే తలుపు తీశాను. గాలి తగలగానే గాజు చిట్లింది. ఇక డబ్బాలో మిగిలినవి రెండే అద్దాలు, మామ చివరిదాకా పెట్టుకున్నవి. అవే ఈ బొమ్మలో వేశాను. ఇది కూడా పగిలితే... ఇంకేమీ లేదు.

అందుకే ఈసారి అత్త కాపలా వచ్చింది. బట్టీకి కాదు, నాకు. "నీ చేతులు ఊరికే ఉండవు" అని నాకూ బట్టీకీ మధ్యన చాప పరుచుకుంది. సాయంత్రం బట్టీకి కరెంటు ఆపేశాం. సంగటి, శెనక్కాయల పచ్చడి తిన్నాం. మామ ఒకసారి అంచులో నెమళ్లను తలకిందులుగా నేసి, "నిద్ర పోతాండాయిలే" అన్నారట. ఆ కథ చెప్పి నన్ను పొట్ట పట్టుకునేలా నవ్వించింది. లైటు ఆర్పి పడుకున్నాం.

ఎంత రాత్రయిందో తెలియదు... టింగ్.

బట్టీ లోపల నుంచి.

నా పై ప్రాణం పైనే పోయింది. గాజు చిట్లే చప్పుడది. ఎన్నిసార్లు వినలేదు! చల్లారేటప్పుడు గాజూ పింగాణీ ఒకే తీరున ముడుచుకోవు. అక్కడే పగులు పుడుతుంది. మళ్లీ టింగ్... ఇంకొకటి...

లేచి కూర్చున్నాను. అప్పుడు గమనించాను. చప్పుళ్లు ఇష్టమొచ్చినట్టు రావడం లేదు. టింగ్... టక్. టింగ్... టక్. ధర్మవరం వీధుల్లో ఏ ఇంటి ముందు నిలబడినా వినిపించేదే. పోగు మోసే నాడె అటు నుంచి ఇటు పోవడం, పోగును దగ్గరికి గుద్దడం.

"మగ్గం... మగ్గం..." అంటున్నాను. గొంతు నాదేనా అనిపించింది. వేడి బట్టీ పక్కన కూర్చుని చలితో వణుకుతున్నాను, చూసుకోండి!

చప్పుడు... ఆగింది.

షెడ్డంతా నిశ్శబ్దం. బయట కుక్కలు కూడా మొరగడం లేదు.

చీకట్లో అత్త గొంతు. "పోగు తెగింది. అతుకుతాండాడు."

ఊపిరి బిగబట్టాను. పోగు అతకడానికి ఎంతసేపు పడుతుందో అంతసేపు... సరిగ్గా అంతే. తర్వాత మళ్లీ, టింగ్... టక్.

"అత్తా, పగిలిపోతాండాదేమో! ఒక్కసారి తలుపు సందు చేసి చూస్తా" అన్నాను ఏడుపు గొంతుతో. అప్పటికే లేచి చేయి చాచాను.

"ముట్టినావంటే చేయి ఇరగ్గొడతా! అంచు సగంలో ఉండేటప్పుడు మగ్గం మీద నుంచి లేపితే ఆ మనిషికి ఎంత కోపమో నీకేం తెలుసు? కూకో ఈడ."

కొంగు పట్టి లాగి కూర్చోబెట్టింది. బట్టీ వైపు తిరిగి, "ఏమయ్యా, బిరీన కానీయి. పిల్ల భయపడతాండాది" అని గదమాయించింది. అంత భయంలోనూ నాకు నవ్వొచ్చింది. ఆమె చేయి పట్టుకునే ఎప్పుడో నిద్రపోయాను.

మరుసటి రోజు మధ్యాహ్నానికి బట్టీ పూర్తిగా చల్లారింది. తలుపు తీశాం. బొమ్మ నిక్షేపంగా ఉంది. గుండెలో గాజు లేతాకుపచ్చగా మెరుస్తోంది. ఎండలోకి తెచ్చి చూశాను. టార్చి వేసి చూశాను. గోరుతో గీకి చూశాను. ఒక్క గీత లేదు. ఇన్నేళ్లలో గీత పడకుండా ఆ చప్పుడు నేను వినలేదు.

అత్త బొమ్మ ముందు కూర్చుంది. తుడవలేదు, సర్దలేదు. నేను పక్కన పెట్టిన కాఫీ చల్లారిపోయింది. అరగంట... గంట. అలా కూర్చున్న అత్తను చూసి సంతోషంతో ఏడ్చేశాను.

లేచాక అడిగాను. "అత్తా, రాత్రి ఆ మగ్గం చప్పుడు... నీకు భయం కాలేదా?"

"ఏం చప్పుడు? నాకేం వినపడలే పాపా. నువ్వు మగ్గం మగ్గం అని వణుకుతాంటివి. పాపం అని నేనూ వినేదాని మాదిరి ఏదో ఒకటి అంటి."

నన్ను ఊరడించడానికే అనుకుందాం. మరి చప్పుడు ఆగిన క్షణానే పోగు తెగిందని ఎలా అంది? ఆగిందని నేను చెప్పనే లేదు. అదేమిటో నాకు ఈరోజుకీ తెలియదు. ఆ మాటే అడిగితే అత్త చల్లారిన కాఫీ ఒక గుటక వేసి, తీరిగ్గా నవ్వింది.

"ఆగిందా? నాకేం తెలుసు? ఆ మనిషికి రోజూ రాత్రి ఆ పొద్దుకే పోగు తెగతాండె" అంది. గ్లాసు పట్టుకుని వెళ్లి మళ్లీ బొమ్మ ముందు కూర్చుంది.