పిండిమర పెద్దాయన ఫోను

కరెంటు ఆఫీసులో ఫిర్యాదుల ఫోను ఎత్తడం ఆవిడ ఉద్యోగం. ఊరి తిట్లన్నీ ఆవిడ చెవిలోనే పడేవి. అందరికన్నా ఎక్కువ తిట్టింది పిండిమర పెద్దాయన. కరెంటు పోయి మర మధ్యలో ఆగిందంటే ఆవిడ ఏడు తరాలనూ దులిపేసేవాడు.

ఇప్పుడు కరెంటు పోవడమే తగ్గింది. పోయినా జనం సెల్‌ఫోన్‌లో ఫిర్యాదు నొక్కేస్తున్నారు. తోటివాళ్లను వేరే చోట్లకు మార్చేశారు. నాలుగు కుర్చీల గదిలో ఆవిడ ఒక్కతే గోళ్లు గిల్లుకుంటూ కూర్చుంటోంది. ఇంటికి వెళ్లినా పలకరించే దిక్కు లేదు.

ఒక మధ్యాహ్నం ఫోను మోగింది. ఆవిడ ఉలిక్కిపడి ఎత్తింది. పిండిమర పెద్దాయన!

"కరెంటు పోయిందాండీ? ఇప్పుడే మనిషిని పంపిస్తాను."

"పోలేదమ్మా. కప్పు మీద సోలార్ పెట్టించాను. మర గానుగెద్దులా తిరుగుతూనే ఉంది."

"మరి ఫోన్ ఎందుకు చేశారు?"

పెద్దాయన మర చప్పుడు మీద గొంతు పెంచాడు.

"నిన్ను తిట్టి చాలా రోజులైంది కదా. ఉన్నావో, తీసేశారో అని."

"ఉన్నానండీ." ఆవిడ కుర్చీ ముందుకు లాక్కుంది. "పోనీ, ఊరికే ఓసారి తిట్టండి."

"కారణం లేకుండా తిట్లు రావమ్మా," అని నవ్వాడాయన. అంతలో ఎవరో గింజలు తెచ్చినట్టున్నారు, ఫోను పెట్టేశాడు.

ఆ సాయంత్రం ఆవిడ గదికి తాళం వేసేదాకా మరో ఫోను రాలేదు.