మద్దిలేటి కారు రేడియో

డ్రైవర్ మద్దిలేటికి ఆకాశం మీద నమ్మకం లేదు. డోన్‌లో మూడేళ్లుగా చినుకు పడకపోయినా, గుండీ అంత మబ్బు కనబడితే చాలు, టాపు లేని కారులో రేడియో మీద మైనపు గుడ్డ కప్పేస్తాడు. "అది తడిసిందో, నీ పని పోయినట్టే" అన్నాడు ఒకసారి యజమాని చిన్నపరెడ్డి. అప్పటినుంచి బిందె మోసే ప్రతి ఆడమనిషినీ దొంగను చూసినట్టు చూస్తాడు.

మొన్న వాన కోసం కప్పతల్లిని ఊరేగిస్తున్న ఆడవాళ్లు కారుకు అడ్డం వచ్చారు. కప్ప మీద నీళ్లు పోయడానికి వాళ్లలో సుంకులమ్మ బిందె ఎత్తింది. "ఈ పక్క తిప్పొద్దక్కా!" అంటూ మద్దిలేటి రేడియో మీద మైనపు గుడ్డ కప్పి, దాని మీద బోర్లా పడ్డాడు. "ఊరంతా వాన కోసం ఏడుస్తాంటే, వద్దని మొక్కుకుండేది నువ్వేనా అప్పా!" అని ఆమె బిందెడు నీళ్లూ కారులోకే గుమ్మరించింది. వెనక సీట్లో చిన్నపరెడ్డి తడిసి ముద్దయ్యాడు. "ఆ మైనపు గుడ్డ ఇట్లియ్యిరా!" అని అరిచాడు. మద్దిలేటి లేవలేదు.

"నువ్వు ఎండకు ఆరతావులే రెడ్డీ, ఇది ఆరదు!"