కానుగ చెట్టు పెట్టిన పూలు

నా చిన్నప్పుడు నాకంటే నా జడే త్వరగా పెరిగేది. ఒంట్లో పిడికెడు కండ లేదు గానీ జడ మాత్రం నడుం దాటి వేలాడేది. పుంగనూరులో మా వీధి ఆడవాళ్లు నన్ను దారిలో నిలబెట్టి, "తిన్నదంతా దీని జడకే పోతాండాది" అని ఎగతాళి చేసేవారు. నాకది పొగడ్తలా వినిపించేది. మా అమ్మ రోజూ పొద్దున్నే తల దువ్వి, పెరట్లో పూసిన కనకాంబరాలు పెట్టేది. అవి పెడితే గానీ బడికి కదిలేదాన్ని కాదు. అంత మొండిదాన్ని.

ఒక ఏడు వానాకాలంలో నాకు విషజ్వరం వచ్చింది. మదనపల్లె ఆసుపత్రిలో చాలా రోజులు మంచం మీదే ఉన్నాను. మందుల వాసన, నా అరికాళ్లు రుద్దుతున్న మా అమ్మ చేతులు తప్ప నాకింకేమీ గుర్తులేదు. నాకంటే ముందు పుట్టిన పిల్లవాడు అలాంటి జ్వరంలోనే పోయాడట. కాబట్టి మా అమ్మది మామూలు భయం కాదు. ఆ మంచం పక్కన నిలబడే ఏడుకొండలవాడికి మొక్కుకుంది. బిడ్డ దక్కితే నడిచి వస్తామని, దాని తలనీలాలు ఇస్తామని. నేను దక్కాను. ఒళ్లు సగమైంది గానీ, విచిత్రం, జడ చెక్కుచెదరలేదు.

మొక్కు సంగతి ఇంటికొచ్చాక తెలిసింది. ఇవ్వనన్నాను. చెయ్యి అడిగినా, కాలు అడిగినా ఇస్తాను గానీ జడ మాత్రం ఇవ్వనని గడపలో కూర్చుని ఏడ్చాను. మా అమ్మ కొట్టలేదు, తిట్టలేదు. మొక్కు తీర్చకపోతే ఆ జ్వరం మళ్లీ వెతుక్కుంటూ వస్తుందని ఆమె నమ్మకం. నేను ఇవ్వను అన్నప్పుడల్లా గబగబా వచ్చి నా నుదుటి మీద చెయ్యి వేసి చూసేది. ఆ చెయ్యి వణుకుతుండేది. అయినా నా మొండితనం తగ్గలేదు.

ఫాల్గుణ మాసంలో కుప్పం వైపు నుంచి కొండకు నడిచే గుంపు ఒకటి ఏటా మా ఊరి మీదుగా వెళ్లేది. అందులో మా పెద్దమ్మ ఉండేది. అమ్మకు సొంత అక్క, కుప్పం పక్క పల్లెలో కాపురం. కాపురం అని నోరలవాటుగా అంటున్నాను గానీ, పెళ్లయిన కొన్నాళ్లకే పెదనాన్న పోయాడు. అప్పటి నుంచి ఆమెకు బొట్టు లేదు, పూలు లేవు. మా ఇంటికి వస్తే కనకాంబరాలు ఆమే మాల కట్టేది. ఆమె కట్టినంత దగ్గరగా మా వీధిలో ఎవరూ కట్టలేరు. కట్టి అమ్మ చేతికిచ్చేది. తలలో పెట్టడం అమ్మ పని. పెద్దమ్మకు పూలు గిట్టవేమో, వాసన పడదేమో అనుకునేదాన్ని. పిల్లల బుర్ర అంతే కదా.

ఆ ఏడు మేమూ ఆ గుంపుతో బయల్దేరాం. గుంపుకు ఒక పెద్దాయన ఉండేవాడు, మాటకు కట్టుబడే మనిషి. తిరుమల కొండ మీద పూసిన ప్రతి పువ్వూ స్వామిదేనని, ఆడవాళ్లు అక్కడ తలలో పూలు పెట్టుకోరని అందరికీ తెలిసిందే. ఈ గుంపులో ఆ నియమం కొండ మీద కాదు, ఇంటి గడప దగ్గరే మొదలయ్యేది. పసుపు గుడ్డ కట్టుకున్నాక దారి పొడుగునా పూసిందంతా స్వామిదే, కోయగూడదు, పెట్టుకోగూడదు అని ఆయన చెప్పగానే మా అమ్మ నా జడలోంచి కనకాంబరాలు తీసి గడప మీద పెట్టింది. జడ పోవడానికి ముందే పూలు పోయాయి. ఊరు దాటేదాకా వెక్కుతూనే నడిచాను.

ముట్టుకోవద్దన్నాకే నాకు పూలు కనపడటం మొదలైంది. అంతకు ముందు పువ్వంటే నాకు తలలో పెట్టుకునే వస్తువు. పెట్టుకోవడానికి వీల్లేదన్నాక, ఇక చూడటమొక్కటే మిగిలింది. సోమల దాటాక మామిడి తోటల్లో పూత వాసన గాలికి బరువుగా వచ్చేది. వేపచెట్ల కింద నడుస్తుంటే చేదు తీపి కలిసిన వాసన. చేల గట్ల మీద తంగేళ్లు. ముళ్లతో నిండిన కలే పొదలకు ఎంత తెల్లటి పూలో! పల్లేరు ముల్లు కాలికి గుచ్చుకుని కూర్చుంటే, ఆ ముళ్లకంప మధ్య చిటికెడంత పసుపు పువ్వు కనిపించింది. దీనికీ పువ్వుందే అని నొప్పి మర్చిపోయి చూశాను. ఇవన్నీ ఏటా మా ఊరి చుట్టూ పూస్తూనే ఉండేవి కదా, మరి నా కళ్లు ఏం చేస్తున్నట్టు?

ఇంకొకటి కూడా కనిపెట్టాను. పువ్వు కనిపిస్తే గుంపంతా చూసి గోవిందా అనుకుని సాగిపోయేవాళ్లు. పెద్దమ్మ మాత్రం ఆగేది. రెండు చేతులూ వెనక్కి కట్టుకుని, ముఖం దగ్గరగా పెట్టి, కన్నార్పకుండా చూసేది. గుంపు ముందుకెళ్లిపోయాక పరుగులాంటి నడకతో వచ్చి కలిసేది. పూలు గిట్టని మనిషి అలా ఆగదని నాకు మెల్లగా తెలిసొచ్చింది.

పీలేరు దాటి భాకరాపేట కనుమ ఎక్కేసరికి పొద్దు పొడిచింది. ఆ ఉదయం నేను చూసింది ఇప్పటికీ కళ్లు మూస్తే కనిపిస్తుంది. లోయ నిండా మోదుగలు. ఆకు పచ్చదనమే లేకుండా ఎర్రగా, అడవికి అడవే కాగుతున్నట్టు ఉంది. వాటికి పైన, మట్టి కూడా నిలవని బండల మధ్య కొండగోగు చెట్లు. మోడులాంటి కొమ్మల చివర అరచెయ్యంత పసుపు పూలు, ఎండ తగిలి మెరుస్తున్నాయి. ఎవరు నీళ్లు పోశారు వీటికి? ఎవరు చూడాలని పూశాయి? అంతసేపూ గోవిందలతో హోరెత్తించిన గుంపు ఆ మలుపు దగ్గర నోరు మెదపకుండా నిలబడిపోయింది. నాకు ఒళ్లు జలదరించింది. గుడి ఇంకా ఎంతో దూరంలో ఉంది గానీ, స్వామి ఇక్కడే ఎక్కడో ఉన్నాడని గట్టిగా అనిపించింది.

దగ్గర్లోని మోదుగను చూపించి, దీనికి ఆకులేమయ్యాయని పెద్దమ్మను అడిగాను.

"రాల్చేసింది పాపా. ఆకులన్నీ రాల్చుకున్నాకే ఇది పూసేది. దాని మొగాన దిగులేమన్నా ఉండాదేమో సూడు."

ఎందుకు చెబుతోందో తెలియనంత పసిదాన్ని కాదు. చెట్టుకు మళ్లీ ఆకులొస్తాయి కదా అన్నాను కోపంగా.

"నీకు మళ్లా ఎంటికలు రావా ఏంది?"

"వస్తాయి సరే. మరి నీకు పూలు యెప్పుడొస్తాయి పెద్దమ్మా?"

గెలవాలని అన్న మాట అది. ఆమె ముఖం చూశాక, ఆ మాట వెనక్కి తీసుకుంటే బాగుండునని అనిపించింది. ముందు నడుస్తున్న అమ్మ ఒక్క క్షణం ఆగింది, తిరిగి చూడలేదు, మళ్లీ నడిచింది.

కిందికి దిగాక నీళ్లు పారే ఒక వంక పక్కన మధ్యాహ్నం ఆగాం. అక్కడ ఒడ్డు పొడుగునా కానుగ చెట్లు. లేత ఆకులు, వాటి నిండా తెలుపూ లేతగులాబీ కలిసిన చిన్న చిన్న పూలు. నేల మీద బొరుగులు చల్లినట్టు పరుచుకుని ఉన్నాయి. తేనెటీగల రొద తప్ప ఇంకో చప్పుడు లేదు. అందరూ సద్దిమూటలు విప్పి తిని నడుం వాల్చారు. పెద్దమ్మ మాత్రం నన్ను పిలిచి, అన్నిటికంటే పెద్ద కానుగ కింద కూర్చోబెట్టి, నా జడ విప్పింది. తన మూటలోంచి దువ్వెన తీసి దువ్వడం మొదలుపెట్టింది. అంత నిదానంగా ఎవరూ నా తల దువ్వలేదు. చిక్కు లేకపోయినా దువ్వుతూనే ఉంది. దేనికోసమో చూస్తున్నట్టు మధ్యమధ్య పైకి చూస్తోంది.

గాలి వచ్చింది. కొమ్మలన్నీ ఒక్కసారి కదిలాయి. ఆ తర్వాత జరిగిందాన్ని వాన అనాలో, ఏమనాలో నాకిప్పటికీ తెలియదు. పూలు! నా తల మీద, భుజాల మీద, విప్పిన జుట్టు పొడుగునా, ఒడిలో. చప్పుడు లేకుండా పడుతూనే ఉన్నాయి. కనకాంబరాలు మూరెడు పెట్టుకుంటే గొప్ప అనుకునే నాకు, నడుం దాకా పూలే.

"మనం కొయ్యలేదు. పెట్టుకోలేదు. సెట్టే పెట్టింది" అంది పెద్దమ్మ, చెవి దగ్గరకు వంగి. ఆమె గొంతులో నవ్వు ఉంది. నియమం తప్పకుండా నాకు ఒక్కసారి పూలు పెట్టాలని ఆమె వేసిన ఎత్తు అది.

నేను వెనక్కి తిరిగాను. ఆమె వేయని ఎత్తు ఇంకొకటి జరిగిపోయి ఉంది. పెద్దమ్మ తల నిండా పూలు! పాపిట్లో, ముడి మీద, చెవుల పక్కన. తనకు తెలియదు. నేను చూస్తున్న తీరు చూసి తెలుసుకుంది. నవ్వు పోయింది. దులుపుకోవడానికి చెయ్యి పైకి లేచింది. "వద్దు పెద్దమ్మా" అన్నాను. అరిచానేమో కూడా. ఆ చెయ్యి అలాగే గాలిలో ఆగిపోయింది.

నా అరుపుకు గుంపులో ఒక ముసలామె లేచి కూర్చుంది. మా ఇద్దరినీ చూసి ముఖం చిట్లించింది. "ఏందమ్మా ఇది, మొక్కు బిడ్డ తల్లో పూలు! ఆ బిడ్డ సంగతి అట్లుండనీ, నీ తల్లో ఏందమ్మా? దులుపు, దులుపు" అంది. పెద్దమ్మ తల దించుకుంది. ఆగిన చెయ్యి మళ్లీ కదిలింది.

అప్పుడు మా అమ్మ వచ్చింది. మొక్కు విషయంలో వెంట్రుకవాసి తేడా వచ్చినా హడలిపోయే మనిషి. జ్వరం తిరిగి వస్తుందని నిద్రలో కూడా ఉలిక్కిపడే మనిషి. ఆమె మమ్మల్నిద్దరినీ చూసింది. తన అక్కను మరీ ఎక్కువసేపు చూసింది. తర్వాత ముసలామె వైపు తిరిగి, "దారిలో పూలన్నీ స్వామివే అంటిరి గదమ్మా. స్వామి పూలు స్వామే ఏసినాడు. తీసేదానికి మనమెవురు?" అంది. గొంతు పెంచలేదు. వచ్చి పెద్దమ్మ చెయ్యి పట్టుకుని కిందికి దించింది. అక్కాచెల్లెళ్లిద్దరూ ఆ చెట్టు కింద ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని ఏడ్చారు. పూలు పడుతూనే ఉన్నాయి. గుంపు పెద్దాయన చూడనట్టు అటువైపు తిరిగి కండువా దులుపుకున్నాడు.

సాయంత్రం మళ్లీ నడక మొదలైంది. పెద్దమ్మ తలలోంచి పూలు ఒక్కొక్కటే దారిలో రాలుతున్నాయి. ఆమె వెనకాలే నడుస్తూ చూస్తున్నాను. ఒక్కదాన్ని కూడా పట్టుకోవాలని ఆమె చూడలేదు. తెల్లవారి మెట్లు ఎక్కేటప్పటికి ఒక్కటీ మిగల్లేదు. అయినా ఆమె ముఖంలో ఏదో తగ్గినట్టు లేదు. అది చూశాక, నా జుట్టును పట్టుకుని వేలాడటం నాకే ఎలాగో అనిపించింది. కళ్యాణకట్టలో అమ్మ నన్ను బతిమాలడానికి నోరు తెరిచేలోపే వెళ్లి కూర్చున్నాను. తల మీద నీళ్లు పడ్డాయి. జుట్టు ఒడిలో పడుతుంటే కొంచెం ఏడ్చాను, అబద్ధం ఎందుకు. అమ్మ నా గుండు మీద గంధం రాస్తూ, ఆ తడి చేత్తోనే నుదురు కూడా తాకి చూసింది. ఈసారి ఆ చెయ్యి వణకలేదు.

బయటికి వచ్చాక సిగ్గేసి తువ్వాలు కప్పుకున్నాను. పెద్దమ్మ ఆ తువ్వాలు పక్కకు తీసింది.

"ఈడ సూడు పాపా. పట్టుచీరలోళ్లు ఉండారు, నగలోళ్లు ఉండారు, కొత్త పెళ్లికూతుర్లు ఉండారు. ఒక్కరి తల్లోనన్నా పువ్వుందా? ఈడ అందురూ నా మాదిరే. అందుకే ఏటా వస్తాండాను."

చూశాను. నిజమే. అన్ని వందల మంది ఆడవాళ్లలో ఒక్కరి తలలోనూ పువ్వు లేదు. ఆ జనం మధ్య మా పెద్దమ్మ తలెత్తి నడుస్తోంది. మా ఇంట్లో పక్కకు ఒదిగి నడిచే మనిషి అంత పొడుగని నాకు అప్పటిదాకా తెలియదు. కనుమలో కలిగిన పులకరింత ఆమెను చూస్తే మళ్లీ కలిగింది.

పెద్దమ్మ పోయి చాలా ఏళ్లయింది, తర్వాత అమ్మ. మా ఆయన కూడా పోయాడు. నా జుట్టు మళ్లీ పెరిగింది, నెరిసింది, పలచబడింది. ఇప్పుడు ఆ దారి వెడల్పయింది. నడిచేవాళ్లు ఫోన్లలో గోవిందనామాలు పెట్టుకుని నడుస్తున్నారు. కొండగోగులు మాత్రం ఎవరినీ అడక్కుండా పూస్తూనే ఉన్నాయి. ఆ రోజు నేర్చుకున్నదాన్ని పాఠం అనడం నాకిష్టం లేదు. పువ్వుకు మనుషుల్లో ఎంచుకోవడం తెలియదు, ఎంచేది మనమే అని మాత్రం ఆ చెట్టు కింద కూర్చున్నప్పటి నుంచి నాకు తెలుసు.

మొన్న మదనపల్లెలో మా పెద్ద మనవరాలి శ్రీమంతం జరిగింది. చిన్న మనవరాలు పూలపళ్లెం పట్టుకుని వరసగా అందరికీ మల్లెపూలు పెడుతూ నా దాకా వచ్చి ఆగింది. వాళ్లమ్మ వైపు చూసింది. "పెట్టు పాపా" అని తల వంచాను. పెట్టింది. ఒకరిద్దరు ముఖాలు చూసుకున్నారు, చూసుకోనీ. వెనక గోడకు ఆనుకుని మా వీధి అమ్మాయి కూర్చుని ఉంది. భర్త పోయి ఏడాది కాలేదు, ఉద్యోగం చేసుకుంటూ బిడ్డను పెంచుకుంటోంది. పళ్లెం తీసుకుని నేనే ఆమె దగ్గరికి వెళ్లాను. మల్లెలు చూసి వద్దన్నట్టు చెయ్యి అడ్డం పెట్టింది. నేను బలవంతం చేయలేదు, అక్కడి నుంచి కదలనూ లేదు. నా కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. కాసేపటికి ఆ చెయ్యి తనంతట తానే కిందికి దిగింది.